పిత్రార్జితం - స్వార్జితం

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రుల, పూర్వవిద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బై అయిదు సంవత్సరాలు నిండిన ఈ విద్యాలయపు ప్రాంగణంలో ఈనాడు మూడు తరాలవారు కలిసి కూర్చున్నారు. తాతగారు అక్షరాభ్యాసం చేసిన బడిలోనే మనుమరాలు పదవ తరగతి చదువుతున్నది. అందువల్ల తల్లిదండ్రుల నుండి బిడ్డలకు ఏమి సంక్రమిస్తుంది, ఏమి సంక్రమించదు అనే ప్రశ్నను గురించి నాలుగు మాటలు మనవి చేయడం ఈ సందర్భానికి ఉచితమని తలచాను.

మన పెద్దలు ఆస్తిని రెండు విధాలుగా చెప్పారు. తండ్రి నుండి వచ్చినది పిత్రార్జితం, తాను చెమటోడ్చి సంపాదించినది స్వార్జితం. ఇల్లూ పొలమూ అయితే ఈ లెక్క కరణంగారు తేల్చగలరు. కాని ప్రజలిచ్చే పదవి విషయంలో ఏది పిత్రార్జితం, ఏది స్వార్జితం? ఈ ప్రశ్నకు ఉదాహరణ వెదుకుతూ దూరదేశాలకు పోనక్కరలేదు. అది మన గంజాం జిల్లాలోనే, మన ఆస్కా లోక్‌సభ స్థానంలోనే, మన హింజిలి శాసనసభ స్థానంలోనే ఉన్నది. శ్రీ నవీన్ పట్నాయక్ గారి రాజకీయ జీవితం గురించి నేను చెప్పబోతున్నాను. ఒక పక్షాన్ని పొగడడం గాని, వేరొక పక్షాన్ని తెగడడం గాని నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను.

ముందుగా తండ్రిగారి సంగతి. శ్రీ బిజూ పట్నాయక్ 1916 మార్చి 5న కటక్‌లో జన్మించారు. సాహసియైన విమానచోదకుడు. 1947లో డచ్చివారు ఇండోనేషియాను ముట్టడించి ఉన్న సమయంలో ఆ దేశ నాయకుడైన సుతాన్ షహ్రీర్‌ను విమానంలో భారతదేశానికి చేర్చిన ధీరుడు. పరిశ్రమలు స్థాపించారు, పారాదీప్ ఓడరేవు కోసం పట్టుబట్టారు. 1961 నుండి 1963 వరకు, మళ్ళీ 1990 నుండి 1995 వరకు ముఖ్యమంత్రిగా పనిచేశారు. 1996లో ఆస్కా నుండి లోక్‌సభకు ఎన్నికై, ఆ సభ్యత్వం ఉండగానే 1997 ఏప్రిల్ 17న కన్నుమూశారు.

ఆయన కుమారుడు నవీన్ గారు 1946 అక్టోబరు 16న కటక్‌లోనే పుట్టినా, చదువు డెహ్రాడూన్‌లో, ఢిల్లీలో సాగింది. తల్లిగారు పంజాబీ వనిత. యాభై ఏళ్ళు వచ్చేవరకు ఆయన రాజకీయాల జోలికి పోలేదు. బికనీరు ప్రజల గురించి, మన దేశపు ఔషధ మొక్కల గురించి ఆంగ్లంలో గ్రంథాలు రచించారు. అటువంటి వ్యక్తి 1997లో తండ్రి మరణంతో ఖాళీ అయిన ఆస్కా స్థానానికి ఉపఎన్నికలో నిలబడి గెలిచారు. ఆ సంవత్సరం డిసెంబరులో ఏర్పడిన పార్టీకి తండ్రి పేరే పెట్టారు. 1998 నుండి కేంద్రంలో గనుల మంత్రిగా ఉండి, 2000 మార్చి 5న, తండ్రిగారి జన్మదినం నాడే, రాష్ట్ర ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేశారు.

ఇంతవరకు జరిగినదంతా పిత్రార్జితమే. ఆస్కా ప్రజలు ఆనాడు ఓటు వేసినది కొడుకును చూసి కాదు, తండ్రిని తలచుకొని. ఇందులో దాచవలసినది లేదు. ప్రజాస్వామ్యంలో ఇది న్యాయమా అని మా పై తరగతుల పిల్లలు పౌరశాస్త్రం పాఠంలో అడుగుతూ ఉంటారు. మంచి ప్రశ్న. ఎన్నో ఏళ్ళు పార్టీ జెండా మోసిన కార్యకర్తకు దొరకని అవకాశం, పుట్టుక కారణంగా ఒకరికి దొరకడం న్యాయమని నేను అనలేను. అయితే ఆ అవకాశం ఎంతకాలం నిలుస్తుందో పుట్టుక నిర్ణయించలేదు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత మన ఇళ్ళల్లో అందరికీ తెలిసినదే. ఆ వాసన ఒక్క ఎన్నిక వరకు పనిచేస్తుంది. ఆ తరువాత స్వార్జితం కావాలి.

నవీన్ గారి స్వార్జితం ఏమిటి? 1999 అక్టోబరు 29న వచ్చిన మహాతుపానులో మన రాష్ట్రంలో సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. విపత్తుల నిర్వహణకు ప్రత్యేక సంస్థ ఆ ఏడాదే, అనగా ఆయన పదవిలోకి రాకముందే ఏర్పడింది. దానిని బలపరచి, తుపాను ఆశ్రయ భవనాలు కట్టించి, గ్రామగ్రామాన అభ్యాసం చేయించడం ఆయన కాలంలో జరిగింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మన గోపాలపూర్ వద్దనే తీరం దాటింది. ఆ రాత్రి బరంపురంలో ఉన్నవారెవరూ ఆ గాలి హోరును మరువలేరు. దాదాపు పదిలక్షల మందిని ముందుగానే సురక్షిత స్థలాలకు తరలించడం వలన, వేలలో పోవలసిన ప్రాణాలు పదులలో ఆగిపోయాయి. ఈ ఖ్యాతి తండ్రిగారి పేరు వలన వచ్చినది కాదు.

వేరొక ఉదాహరణ. 1990ల ఆరంభంలో తండ్రిగారి ప్రభుత్వం పంచాయతీలలో మూడవ వంతు స్థానాలను స్త్రీలకు కేటాయించింది. కుమారుని ప్రభుత్వం 2011లో దానిని సగానికి పెంచింది. 2001లో మహిళా స్వయం సహాయక సంఘాల కోసం మిషన్ శక్తి అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. తండ్రి నాటిన మొక్కకు పాదుచేసి నీరు పోయడమంటే ఇదే.

తూకం సరిగా ఉండాలంటే రెండవ తక్కెడను కూడా చూడాలి. 2006 జనవరిలో కళింగనగర్‌లో ఉక్కు కర్మాగారం కోసం భూములు తీసుకోవడాన్ని వ్యతిరేకించిన ఆదివాసులపై పోలీసు కాల్పులు జరిగి పదిమందికి పైగా మరణించారు. గనుల తవ్వకంలో అక్రమాలపై, చిట్ ఫండ్ మోసాలపై విచారణలు జరిగాయి. అవి కూడా ఆయన ఖాతాలోనివే. స్వార్జితమంటే మంచిచెడులు రెండూ కదా!

ఇక మన పాఠశాలకు దగ్గరగా వచ్చే విషయం భాష. తండ్రి నుండి పేరు వచ్చింది, పార్టీ వచ్చింది, నియోజకవర్గం వచ్చింది. భాష మాత్రం రాలేదు. బాల్యమూ యౌవనమూ రాష్ట్రం వెలుపల గడిచినందున ఒడియా ఆయనకు పట్టుబడలేదు. రోమన్ లిపిలో రాసుకొన్న ఒడియా ప్రసంగాలను ఆయన చదవడం రాష్ట్రమంతటికీ తెలిసినదే. ఇంటిని రాసి ఇవ్వవచ్చు, పొలాన్ని పంచి ఇవ్వవచ్చు. భాషను మాత్రం ప్రతిదినం కొంచెం కొంచెంగా, ఉగ్గుపాలతోనూ ఒడిలోని కథలతోనూ ఇవ్వాలి. ఆ గడువు దాటితే ఎంతటి తండ్రి కూడా ఇవ్వలేడు.

ఇక్కడ ఒక తండ్రిగారు నన్ను ఎదురు ప్రశ్నించవచ్చు. "అమ్మా, భాష సరిగా రాకుండానే ఆయన 24 సంవత్సరాలకు పైగా ముఖ్యమంత్రిగా ఉన్నారు కదా! 2009లో 103 స్థానాలు, 2014లో 117 స్థానాలు గెలిచారు కదా! మరి మా పిల్లలకు తెలుగు రాకపోతే నష్టమేమిటి?" అని. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు.

నా సమాధానం ఇది. ఆయన సభకు వెళ్ళకముందే తండ్రిగారి పేరు ఆ సభకు చేరేది. బిజూబాబు ఒడియాలో మాట్లాడిన మాటలను గుర్తు పెట్టుకున్న ముసలివారు, కొడుకు మాట తడబడినా తండ్రి గొంతును విన్నారు. ఆ పైన పని మాట్లాడింది. మన పిల్లలకు అటువంటి ముందుమాట రాసిపెట్టిన తండ్రులు లేరు. మనం గుమాస్తాలం, చిన్న వ్యాపారులం, రైల్వే ఉద్యోగులం, ఉపాధ్యాయులం. మన బిడ్డ ఎక్కడికి వెళ్ళినా ఆ బిడ్డకు ముందుగా నడిచేది నోటి మాట ఒక్కటే. పైగా ఆ లోటు ఆయన విషయంలో కూడా మాసిపోలేదు. 2024 ఎన్నికలలో ఒడియా ఆత్మగౌరవం అన్నదే పెద్ద నినాదమయింది. తమిళనాడులో జన్మించిన మాజీ ఐ.ఎ.ఎస్. అధికారి శ్రీ వి.కె. పాండియన్ తెర వెనుక వారసుడన్న ప్రచారం సాగింది. అది నిజం కాదని నవీన్ గారు చెప్పినా ప్రచారం ఆగలేదు. ఓటమికి కారణాలు అనేకం ఉండవచ్చు. వాటిలో భాష కూడా ఒకటని కాదనలేము.

2024 జూన్‌లో ఆయన పార్టీ 147 స్థానాలలో 51కి పరిమితమయింది. కాంటాబాంజిలో ఆయన స్వయంగా ఓడిపోయారు. మన హింజిలి మాత్రం, ఆధిక్యం బాగా తగ్గినప్పటికీ, ఆయనను నిలబెట్టింది. ఆ తరువాత ఆయన కొత్త ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారానికి హాజరయ్యారు. తనను ఓడించిన అభ్యర్థిని శాసనసభలో అభినందించారు. చిరంజీవులారా, ఈ మర్యాదను గుర్తుంచుకోండి. పదవి తండ్రి ఇచ్చినదని భావించేవాడు దానిని పోగొట్టుకున్నప్పుడు దోపిడి జరిగినట్లు కుమిలిపోతాడు. ప్రజలు ఇచ్చినదని తెలిసినవాడు తిరిగి ప్రజలకు అప్పగించి నమస్కరిస్తాడు.

మన ఆస్కా కథకు మరొక అధ్యాయం ఉన్నది. తండ్రి నుండి కొడుక్కు దక్కిన ఆ స్థానాన్నే 2019లో ఆయన పార్టీ శ్రీమతి ప్రమీలా బిసోయి గారికి ఇచ్చింది. ఏ రాజకీయ కుటుంబపు అండా లేని, స్వయం సహాయక సంఘాలలో ఎదిగివచ్చిన గ్రామీణ మహిళ ఆమె. పెద్ద చదువులు చదువుకొనే అవకాశం ఆమెకు దొరకలేదు. రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో ఆమె లోక్‌సభకు వెళ్ళారు. వారసత్వంగా వచ్చిన దానిని తన ఇంటిలోనే దాచుకొనక, అర్హులకు దారి విడిచినప్పుడే అది సార్థకమవుతుందని నాకు తోస్తుంది.

వారసత్వాన్ని కష్టపడి స్వార్జితం చేసుకొన్న కుమారులు మన ప్రాంతంలో రాజకీయాల వెలుపల కూడా ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు శవర భాష నేర్చుకొని, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆయన కుమారులు సీతాపతిగారు ఆ కృషిని అందుకొని కొనసాగించారు. ఒక తెలుగు కుటుంబంలో తండ్రీకొడుకులిద్దరూ పొరుగువారి భాషను గౌరవించి నేర్చారు. తన భాషను ప్రేమించేవాడు ఇతరుల భాషను చిన్నచూపు చూడడు.

కనుక తల్లిదండ్రులకు నా విన్నపం. ఒడియా మనకు అన్నం పెడుతున్న నేల భాష. దానిని మీ పిల్లలు తడబాటు లేకుండా నేర్వాలి. ఆంగ్లం ఉద్యోగానికి అవసరం, దానినీ నేర్వాలి. తెలుగు మాత్రం మీరు ఇవ్వకపోతే వారికి మరెవరూ ఇవ్వరు. పాఠశాల అక్షరాలు నేర్పగలదు. రాత్రి భోజనాల వేళ ఇంటిలో తెలుగు వినిపించకపోతే ఆ అక్షరాలు పలక మీదనే మిగిలిపోతాయి. పిల్లలను వేరే మాధ్యమానికి పంపిన తల్లిదండ్రులు కూడా మన వారే. సెలవు దినాలలో మా గ్రంథాలయం తలుపులు ఆ పిల్లలకు కూడా తెరిచే ఉంటాయి. పూర్వవిద్యార్థులారా, మీ ఊళ్ళో ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల చేత వారానికి ఒక పేజీ తెలుగు చదివించండి. మీరు ఇచ్చే విరాళాల కంటే అది ఈ బడిని ఎక్కువ కాలం నిలబెడుతుంది.

ఈ విద్యాలయం కూడా మనకు పిత్రార్జితమే. మన పెద్దలు చందాలు పోగుచేసి కట్టి ఇచ్చినది. తొలి డెబ్బై అయిదు సంవత్సరాల కీర్తి వారిది. రాబోయే సంవత్సరాల లెక్క మన పేర రాయబడుతుంది. ఆ లెక్కలో మన బిడ్డల ఎదుట తలదించుకోవలసిన పరిస్థితి రాకూడదని కోరుకుంటున్నాను.