ఆకులోని రాగి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషను పాసై ఖుర్దా రోడ్డులో పార్సెలు గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి. కార్యదర్శిగారు నాలుగు మాటలు చెప్పమన్నారు గనుక, మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలు పెడతాను.

మొన్న మా అమ్మాయి బడినుండి ఒక ఫారం తెచ్చింది. అందులో "స్వగ్రామం" అని ఒక గీత. "నాన్నా, నేను పుట్టింది ఇక్కడ. తాతగారి ఊరు శ్రీకాకుళం జిల్లాలో. ఆ ఊరు నేను రెండుసార్లే చూశాను. ఏది వ్రాయను?" అని అడిగింది. రోజుకు వంద ఫారాలు చూసే నాకు జవాబు తోచలేదు. "రేపు చెబుతానమ్మా" అన్నాను.

ఆ రాత్రి మా తమ్ముడు తన వృక్షశాస్త్రం పుస్తకం నా ముందు పెట్టి ఒక పాఠం వివరించాడు. నాకు అర్థమైనంత మీకు చెబుతాను.

ఈ రోజు మనం రాగి చెంబులో మామిడాకులు పెట్టి కలశం నిలిపాము. చెంబు రాగిదని అందరికీ తెలుసు. ఆకులో కూడా రాగి ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది.

ఆకులో హరితరేణువులున్నాయి. వాటిలో ఎండను పట్టుకొనే వ్యవస్థలు రెండు. తమాషా ఏమిటంటే పని మొదలయ్యేది రెండవదానిలో; కనుగొన్న వరుసను బట్టి వాటికి అంకెలు వేశారట. ఆ రెండవ వ్యవస్థ ఎండ బలంతో నీటిని విడగొట్టి ఎలక్ట్రానులను తీస్తుంది. మనం పీల్చే ప్రాణవాయువు అక్కడే వెలువడుతుంది. ఎలక్ట్రానులు సైటోక్రోము అనే మధ్య మజిలీదాకా వస్తాయి. అక్కడినుండి మొదటి వ్యవస్థకు వాటిని ఒక్కొక్కటిగా మోసుకొని పోయే చిన్న కూలీ ఉన్నది. దాని పేరు ప్లాస్టోసయానిన్.

అది సుమారు 99 అమైనో ఆమ్లాలు గుచ్చిన మాంసకృత్తు. దానిలో ఒకే ఒక రాగి పరమాణువు. బరువు లేనప్పుడు నీలంగా ఉంటుంది; ఎలక్ట్రానును ఎత్తుకోగానే రంగు పోతుంది. 1960లో జపాను శాస్త్రజ్ఞుడు కటో దీనిని క్లోరెల్లా అనే నీటిపాచిలో కనుగొన్నారు. 1978లో సిడ్నీలో ఫ్రీమన్ బృందం పోప్లర్ చెట్టు ఆకులనుండి తీసి దాని రూపం తేల్చింది. 2003లో అరబిడాప్సిస్ అనే ఆవజాతి మొక్కలో ఇది లేకుండా చేసి చూశారు. ఆ మొక్క ఎండను నమ్ముకొని బ్రతకలేకపోయింది. రెండు పెద్ద వ్యవస్థలూ ఉన్నాయి. మధ్యలో మోసేవాడు లేడు, అంతే!

అసలు సంగతి ఇక వినండి. ఈ కూలీ పుట్టేది హరితరేణువులో కాదు. దాని నమూనా కణకేంద్రకంలో ఉన్నది. తయారయ్యేది బయటి కణద్రవంలో. మా పార్సెలుకు చీటీ కట్టినట్లు, దాని మొదట ఒక అదనపు ముక్క ఉంటుంది. హరితరేణువు గోడ దాటగానే ఆ చీటీలో ఒక భాగం తెగుతుంది. లోపలి పొర దాటినాక మిగిలినదీ తెగుతుంది. చీటీ పోయినా, పుట్టినచోట కూర్చిన గొలుసు మాత్రం మారదు.

మరి రాగి? అది పుట్టినచోట దొరకలేదు. పనిచేసే చోటికి చేరిన తరువాతనే ఒళ్లోకి వచ్చింది. ఆ రాగిని వేళ్లతో పీల్చి ఇచ్చింది చెట్టు నిలిచిన నేల. గొలుసు లేనిదే రాగికి నిలకడ లేదు. రాగి లేనిదే గొలుసుకు పని లేదు.

మరునాడు అమ్మాయితో అన్నాను: "నీ మాట, మన ఇంటి తీరు తాతగారి ఊరినుండి వచ్చాయి. చదువు, అన్నం ఈ ఒడిశా నేల ఇచ్చింది. రెండు పేర్లూ వ్రాయమ్మా."

"గీత ఒక్కటే ఉన్నది నాన్నా."

"చిన్న అక్షరాలతో వ్రాయి, పడతాయి."

వ్రాసింది. పట్టాయి.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఈ నేల మన పిల్లలకు రాగిని ఇస్తూనే ఉన్నది. గొలుసు కూర్చవలసినది మనమే. రోజుకు ఒక అరగంట వారికి తెలుగు అక్షరాలు దిద్దించండి. సెలవు.