ఊపిరితిత్తుల నమూనాలు – తెలుసుకోవలసిన విషయాలు



"సిస్టర్, ఊపిరితిత్తులను కూడా మిషన్‌తో అచ్చు వేస్తున్నారట, మా నాయనకు పెట్టరాదా?" అని కొందరు అడుగుతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

బయోప్రింటింగ్ అంటే ఏమిటి? మామూలు ప్రింటర్‌లో సిరా ఉంటుంది. ఈ ప్రింటర్‌లో సిరాకు బదులు జెల్లీ వంటి పదార్థంలో కలిపిన బ్రతికున్న కణాలు ఉంటాయి. వాటిని పొర మీద పొరగా పేరుస్తారు. మన ఊపిరితిత్తులలో 30 కోట్లకు పైగా చిన్న గాలి తిత్తులు ఉన్నాయి. వాటి గోడలు వెంట్రుక కంటే చాలా సన్నం. రక్తం ప్రాణవాయువును అక్కడే అందుకుంటుంది. 2019లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఇటువంటి తిత్తి నమూనాను జెల్‌తో అచ్చు వేసి, అందులో గాలి ఆడేటట్లు చేశారు.

నమూనా ఎందుకు? ఎలుకలో పనిచేసిన మందు మనిషిలో పనిచేయకపోవచ్చు. మనిషి కణాలతో చేసిన నమూనా ఉంటే మందును ముందుగా దానిపై పరీక్షించవచ్చు. కరోనా వచ్చిన 2020లో హైదరాబాదులోని సీసీఎంబీ, బెంగళూరులోని ఐస్టెమ్ కలిసి, మనిషి ఊపిరితిత్తి కణాలను ల్యాబులో పెంచి వాటిలో వైరస్‌ను పరిశీలించే పని చేపట్టాయి. అది అచ్చు వేయడం కాకపోయినా ఉద్దేశం ఇదే. 2023లో మన కేంద్ర ప్రభుత్వం నిబంధనలు మార్చి, కొత్త మందుల తొలి పరీక్షలకు ఇలాంటి నమూనాలను కూడా వాడవచ్చని చెప్పింది.

అయితే ఒక మాట గుర్తుంచుకోండి. మనిషికి అమర్చే ఊపిరితిత్తి ఇంకా ఎక్కడా అచ్చు వేయలేదు. ఎవరైనా ఇప్పిస్తామని డబ్బు అడిగితే నమ్మి పొలం అమ్ముకోకండి.

ఉన్న ఊపిరితిత్తులను కాపాడుకోవడానికి మీరు చేయగలిగినవి:

1. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినా, చెరకు ఆడే చోట పిప్పి ఉంటుంది. నిలవ ఉండి బూజు పట్టిన పిప్పి దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు వాస్తాయి. ముక్కుకు, నోటికి మాస్కు పెట్టుకోండి.

2. బీడీలు చుట్టే అక్కలు గాలి వచ్చే చోట కూర్చోండి. పసిపిల్లలను తంబాకు దగ్గర పడుకోబెట్టకండి.

3. దగ్గు తగ్గిందని టి.బి. మందులు మధ్యలో మానవద్దు.

4. పీల్చే మందు వ్యసనమవుతుందని భయపడి ఆపకండి. వాడే పద్ధతి నర్సు ముందు ఒకసారి చేసి చూపించండి.

5. పేషెంటుకు ఆయాసం పెరిగినా, పెదవులు నీలమైనా తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.