లెట్యూసు మడులలో బూజు తెగులు
(హోసూరు ప్రాంతపు తెలుగు రైతుల సమావేశమున చేసిన ప్రసంగము)



తరతరములుగా హోసూరు సీమలో రాగిని, కూరగాయలను పండించుచున్న మన కుటుంబములలో కొన్ని నేడు బెంగుళూరు హోటళ్ల కొరకు లెట్యూసు ఆకును సాగుచేయుచున్నవి. ఆ ఆకును కొని బండి కెక్కించు వర్తకులము మేము. వ్యవసాయశాస్త్రము చదివినవారము కాము. గంపలు విప్పి చూచి నేర్చినదే మా విద్య.

మంచు కురియు నెలలలో గంపలు తిరిగివచ్చుచున్నవి. ఆకు పైభాగమున ఈనెలు హద్దులుగా కోణాకారపు పసుపు మచ్చలు, అడుగున తెల్లని బూజు. ఇదియే బూజు తెగులు. మచ్చపడిన ఆకు మరల పచ్చబడదు. కావున మందుకన్న ముందుజాగ్రత్తయే మేలు.

ఈ తెగులునకు ప్రాణము తడి. ఆకు గంటల తరబడి తడిసియున్నచో తెగులు బీజములు మొలకెత్తును. సాయంకాలము పైనుండి నీరు చల్లరాదు; ఉదయమున మొదటికే పెట్టవలెను. డ్రిప్పు గొట్టములున్నచో మరియు మంచిది. గాలి యాడునట్లు మొక్కలను ఎడముగా నాటవలెను. తెగులాకులను త్రుంచి దూరముగా పాతిపెట్టవలెను. కోత ముగియగనే మోళ్లను దున్నివేయవలెను. ఏటేట అదే మడిలో అదే పంట వేయరాదు.

ఇక మా తప్పును ఒప్పుకొందుము. మచ్చలేని ఆకే కావలెనని మేము పట్టుబట్టగా, కోతకు ముందునాడు మందు చల్లిన రైతులు కలరు. లెట్యూసు పచ్చిగా తినునది. మందు డబ్బాపై వ్రాసిన గడువులోపల కోసినచో ఆ మందు తినువారి కడుపులోనికే పోవును. ఇకమీదట పై రెండాకులు మచ్చపడినంత మాత్రమున గంపను త్రోసిపుచ్చము. వానిని ఒలిచి, లోపలి ఆకునకు వెల కట్టుదుము. మీరును గడువు దాటనిదే కోతకత్తి పట్టవలదు. మన ఊరి సరుకునకు మంచిపేరు నిలుచుట మన యిరువురి చేతులలోను కలదు.