మన గనులకు ఒక దయ్యాల బొమ్మల పుస్తకం
(అధ్యక్షోపన్యాసం)



తెలుగు సాహిత్య సభకు అధ్యక్షుడిగా వచ్చి అమెరికా దయ్యాల బొమ్మల పుస్తకాల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్యాదస్థులు, కాదనలేదు. నన్నయతో మొదలుపెట్టి నాలుగు పద్యాలు చదివి కూర్చోవచ్చు. కానీ కోలారు బంగారు గనుల్లో నిలబడి భయం ఊసెత్తకుండా వెళ్లిపోవడం నాకు మనస్కరించలేదు. మన ఆలంకారికులు భయానకాన్నీ బీభత్సాన్నీ రసాల లెక్కలో వేశారు గానీ, కావ్యాల్లో వాటికి దక్కింది మూల కూర్చునే చోటే: యుద్ధవర్ణనలో కొంచెం, శ్మశానంలో కొంచెం. ఆ రెండు రసాలనే నమ్ముకుని, సొంతంగా అచ్చేసుకుని, సొంతంగా అమ్ముకున్న ఒక తరం ఉంది. ముందు వాళ్ల సంగతి.

1954 ఏప్రిల్ 21న న్యూయార్కులో, అమెరికా సెనేటు ఉపసంఘం ముందు విలియం గెయిన్స్ అనే ప్రచురణకర్త హాజరయ్యాడు. ఈసీ కామిక్స్ అతనివే. సెనేటర్ కీఫావర్ ఒక ముఖచిత్రం ఎత్తి చూపించాడు. ఒక చేతిలో నెత్తుటి గొడ్డలి, రెండో చేతిలో జుట్టు పట్టుకుని ఎత్తిన ఆడమనిషి తల. ఇది మంచి అభిరుచేనా అని అడిగాడు. భయానక పత్రిక అట్టకు మంచిదేనన్నాడు గెయిన్స్. తల ఇంకాస్త పైకెత్తి, మెడలోంచి నెత్తురు కారుతున్నట్టు వేస్తే అప్పుడు బాగుండదన్నాడు. ఆ జవాబుతో అతని పరువు పోయింది. ఆ ఏడాదే కామిక్స్ కంపెనీలు చాలావరకు కూడి తమకు తామే ఒక నియమావళి రాసుకున్నాయి. పత్రిక పేరులో ‘హారర్’ అన్న మాట ఉండరాదు, ‘టెర్రర్’ ఉండరాదు. శవాలు లేచి నడవరాదు. రక్తపిశాచాలు కనబడరాదు. ఆ నియమావళి ముద్ర లేని పుస్తకాన్ని చాలామంది పంపిణీదారులు ముట్టుకునేవారు కాదు. గెయిన్స్ భయానక పత్రికలన్నీ మూతపడ్డాయి.

చిన్నప్పుడు ఆ పత్రికలను దాచుకుని చదివిన పిల్లలు పద్నాలుగేళ్లు తిరిగేసరికి పెద్దవాళ్లయి, వియత్నాం యుద్ధానికి ఎదురు తిరిగి, శాన్ ఫ్రాన్సిస్కో చేరారు. 1968లో రాబర్ట్ క్రంబ్ తన ‘జాప్’ మొదటి సంచికను భార్యతో కలిసి, పసిపిల్లల్ని కూర్చోబెట్టే తోపుడుబండిలో పేర్చుకుని హెయిట్ వీధిలో అమ్మాడు. ఆ దారినే భయానకం కూడా వచ్చింది. 1969లో రోరీ హేస్ ‘బోగీమాన్’, 1970లో ‘స్కల్’, ‘ఇన్సెక్ట్ ఫియర్’, రిచర్డ్ కోర్బెన్ ‘ఫాంటగోర్’, 1972లో ‘డెత్ రాటిల్’. హేస్‌కు బొమ్మల్లో శిక్షణ లేదు. గీత వణుకుతుంది, ఎలుగుబంటి బొమ్మ పిల్లాడి గీతలా ఉంటుంది. నన్నడిగితే ఆ గుంపులో చూసేవాణ్ణి నిజంగా జడిపించేది అతని బొమ్మే. చేయి తిరిగిన కోర్బెన్ బొమ్మ చూసి ఆశ్చర్యపోతాం. హేస్ బొమ్మ చూస్తే ఇది గీసిన మనిషి క్షేమంగా ఉన్నాడా అన్న బెంగ పుడుతుంది.

వాళ్ల వ్యాపార పద్ధతి మనకు పనికొచ్చేది గనక దాని దగ్గర కాసేపు ఆగుతాను. లోపల నలుపు తెలుపు, అట్ట మాత్రం రంగుల్లో. ముప్పై చిల్లర పేజీలు, వెల అర డాలరు. నియమావళి ముద్ర లేదు కాబట్టి పత్రికల దుకాణాల్లో చోటు లేదు. చిలుం గొట్టాలూ అగరొత్తులూ పోస్టర్లూ అమ్మే కొట్లే దిక్కు. ఆ కొట్లవాళ్లు కొన్న కాపీలను తిరిగి పంపే పద్ధతి లేదు, కొన్నది కొన్నట్టే. అందుకని ప్రచురణకర్తకు ఎంత వేయాలో తెలిసేది. హక్కులు గీసినవాడివే. పైన ఎడిటరు లేడు. 1973లో అశ్లీలం ఏదో నిర్ణయించుకునే అధికారాన్ని స్థానిక ప్రమాణాలకు వదిలేస్తూ అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో కొట్లవాళ్లు జంకారు, ఆ అంగడి కుంగిపోయింది.

ఆ స్వేచ్ఛతో ఏం చేశారు? చాలామంది ఆడవాళ్ల ఒంటిని కోసి చూపించారు. అదే తెగింపు అనుకున్నారు. దాన్ని నేను సమర్థించను. ట్రీనా రాబిన్స్ లాంటి స్త్రీలు అప్పుడే ఎదురు నిలబడి, 1970లో ‘ఇట్ ఎయింట్ మీ బేబ్’ తమ సొంతంగా తెచ్చుకున్నారు. కానీ ఆ గుట్టలోనే రెండు పుస్తకాలున్నాయి. వాటికోసమే ఇంత దూరం తీసుకొచ్చాను. 1970లో మొదటి ధరిత్రీ దినం నాటికి రాన్ టర్నర్ ‘స్లో డెత్’ వేశాడు, బర్కిలీలోని పర్యావరణ కేంద్రానికి డబ్బు సమకూర్చడానికి. అందులో దయ్యం పాత బంగళాలో ఉండదు. కాలవలోకి వదిలిన విషంలో ఉంటుంది. 1971లో టామ్ వీచ్ రాసి గ్రెగ్ ఐరన్స్ బొమ్మలు వేసిన ‘లీజియన్ ఆఫ్ చార్లీస్’ వియత్నాంలోని మై లై ఊచకోతనూ చార్లెస్ మాన్సన్ హత్యలనూ ఒకే కథలో కట్టేసింది. అందులో నరమాంసం తినేవాడు అడవి మనిషి కాడు, యూనిఫారం వేసుకున్న పౌరుడు. భయం రాసేవాడు దయ్యాన్ని ఎక్కడ కూర్చోబెడతాడో చూడండి, అతను ఎవరివైపో తెలిసిపోతుంది.

ఇక మన ఇంటికి వద్దాం.

తెలుగు పిల్లలకు భయం బొమ్మ కరువేమీ కాదు. 1947లో మొదలైన చందమామలో శంకర్ వేసిన విక్రమార్కుడి బొమ్మ తలుచుకోండి. కత్తి పట్టుకున్న రాజు, భుజాన శవం, వెనక శ్మశానం. అమెరికావాడి నియమావళి ప్రకారం చూస్తే అది అచ్చుకు నోచుకునేది కాదు. మనం దాన్ని అన్నం తింటూ చూశాం. దాసరి సుబ్రహ్మణ్యం ‘రాకాసిలోయ’కు చిత్రా వేసిన వికృతాకారాలు నెలనెలా వచ్చేవి. అయితే ఆ దయ్యాలు మన ఊరివి కావు. ఆ శవం ఎవరిదో, ఆ మనిషి ఎందుకు చచ్చాడో ఎవరూ అడగరు. శవం కథ చెబుతుంది, రాజు జవాబిస్తాడు, మళ్లీ చెట్టెక్కుతుంది.

సొంత అచ్చు, సొంత తెగింపు అన్న రెండో సగం 1965లో వచ్చింది. ఆ మే నెలలో ఒక అర్ధరాత్రి హైదరాబాదులో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు దిగంబర కవుల మొదటి సంపుటిని ఆవిష్కరించాడు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. వాళ్లు సంవత్సరాలకూ రుతువులకూ వారాలకూ కూడా సొంత పేర్లు పెట్టుకున్నారు. 1966లో విజయవాడలో రెండో సంపుటికి ఒక హోటలు కార్మికుడు, 1968లో విశాఖపట్నంలో మూడోదానికి ఒక బిచ్చగత్తె. పీఠాధిపతులకూ మంత్రులకూ ఆ పిలుపు అందలేదు. వాళ్ల కవిత్వంలో చీము, పుండు, కుళ్లు, శవం కనబడినంత దట్టంగా అంతకుముందు తెలుగు పద్యంలో కనబడలేదు. బీభత్సరసానికి తొలిసారి ఊరి నడిమధ్య కుర్చీ వేశారు. ఆడవాళ్ల గురించి ఆ భాషలో కూడా మోటుతనం ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో జబ్బే. ఇంకో వెలితి, వాళ్లకు చిత్రకారుడు జత కాలేదు. మాటలతోనే జడిపించాల్సి వచ్చింది. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టినప్పుడు నలుగురు అటు నడిచారు, భైరవయ్య, మహాస్వప్న ఆగిపోయారు. వణుకు పుట్టించే పని అక్కడితో పక్కకు పోయి, పోరాడమని చెప్పే పని ముందుకొచ్చింది.

ఖాళీ అయిన ఆ చోటును వారపత్రిక ఆక్రమించింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమిలో సీరియల్‌గా వస్తున్న రోజుల్లో కాష్మోరా అన్న క్షుద్రశక్తి పేరు ఇంటింటా వినబడింది. విమర్శకులు దాన్ని క్షుద్ర సాహిత్యమన్నారు. నేనా మాట అనను. ఆ నవల పని తెలిసిన చేతిలోంచి వచ్చింది. వారం వారం పాఠకుణ్ణి ఎక్కడ వదిలేయాలో ఎరిగిన చేయి అది. నా పేచీ వేరే. అందులో భయం ఎక్కడి నుంచి వస్తుంది? అడవిలోంచి, చేతబడి చేసేవాడి నుంచి. ఎవరి మీదికి? పట్నంలో మేడ మీద పెరిగే పాప మీదికి. చేతబడి నెపంతో పల్లెల్లో పళ్లు రాలగొట్టించుకున్నది ఎవరో, చెట్టుకు కట్టేసి కొట్టించుకున్నది ఎవరో మనందరికీ తెలుసు. దయ్యం కుర్చీ తలకిందులుగా వేశారు. మీకో ముచ్చట: ఆ కథ 1985లో కన్నడంలో ‘తులసీదళ’ సినిమాగా వచ్చింది. తీసినాయన వేమగల్ జగన్నాథరావు, కోలారు తాలూకా వేమగల్‌ను తన పేరులో మోసినవాడు.

మన జిల్లాకు భయం చెప్పే సంప్రదాయం కొత్త కాదు. మొన్న 2007 దాకా ఈ జిల్లాలోనే ఉన్న కైవారంలో నారాయణ తాతయ్య తెలుగులో కాలజ్ఞానం చెప్పాడు. గాజుల మలారం మోసిన మనిషి రాబోయే రోజుల ఘోరాలను జనం భాషలో చెప్పాడు. కోలారమ్మ గుడిలోనే తేలు దేవత చేలమ్మ కొలువుంది. బంగారు గనుల్లో అచ్చు కూడా కొత్త కాదు. 1907లో మద్రాసులో బౌద్ధ ఉద్యమకారుడు అయోతీదాసర్ మొదలుపెట్టిన ‘ఒరు పైసా తమిళన్’ పత్రికను, ఆయన పోయాక, 1926లో అప్పాదురైయార్ ఈ గనుల నుంచే మళ్లీ నడిపారు. మారికుప్పంలో సిద్ధార్థ పుస్తకశాల వెలిసింది. నేల కింద పనిచేసే కూలీలు చందాలు వేసుకుని తమ మతం, తమ చరిత్ర తామే అచ్చేసుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో తోపుడుబండికి నలభై ఏళ్ల ముందు మాట ఇది. తెలుగువాళ్లం పక్క వీధిలోనే ఉండి దీన్ని పట్టించుకోలేదు, మన సాహిత్య చరిత్రల్లో దీనికి ఒక్క వాక్యం లేదు.

మరి ఇక్కడి దయ్యం ఎక్కడుంది? 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా ఈ నేల దాదాపు 800 టన్నుల బంగారం ఇచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. 1965లో, అంటే దిగంబర కవుల ఏడాదిలోనే, ఛాంపియన్ రీఫ్ లోతుల్లో టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టిన న్యూట్రినో జాడ పట్టారు. ఇవి అందరూ చెప్పుకునే గొప్పలు, నిజమే. మూడు కిలోమీటర్లు దాటిన లోతులో రాయి వేడి 60 డిగ్రీలు మించేది. మీద పడే బరువుకు రాయి ఒక్కసారిగా పేలేది. దాన్ని ఇక్కడ ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్లు. హెచ్చరిక లేదు. కేజ్‌లో దిగినవాళ్లు ఎక్కి రాకపోతే కబురు ముందు నేలే చెప్పేది, పైన కూలీల ఇళ్ల లైన్లలో గోడలు అదిరి. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుని వచ్చే సిలికోసిస్ మాత్రం చప్పుడు చేయదు, పనిలోంచి విరమించాక ఇంటికి వస్తుంది. 1930లో కంపెనీ వేలిముద్రలు తీసుకుంటామంటే కార్మికులు సమ్మె కట్టారు. నల్ల సిరా పూసిన వేళ్లను ఒక్కొక్కటిగా కాగితం మీద నొక్కించే ఆఫీసు గదిని ఒక పూర్తి పేజీ బొమ్మగా ఊహించుకోండి. నాకైతే ఏ శ్మశానమూ అంత చలి పుట్టించదు.

ఆపైన సైనైడ్ దిబ్బలు. రాతిని పిండి చేసి, సైనైడ్ నీళ్లతో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన ఇసుక. మూడు కోట్ల టన్నులకు పైగా ఊరి మధ్యన పడి ఉంది. గాలి తోలే నెలల్లో అది మంచాల మీద, బిందెల్లో, నోట్లో. ‘స్లో డెత్’ గీసినవాళ్లకు ఈ దిబ్బ దొరికి ఉంటే అట్ట మీది బొమ్మకు వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. 2018లో ‘కేజీఎఫ్’ సినిమావాళ్లకు దొరికింది. అదే దిబ్బల మీద సెట్లు వేసి, గని అంటే తుపాకులూ గొడ్డళ్లూ అన్నట్టు చూపించారు. దేశమంతా ఈ ఊరి పేరు నేర్చుకుంది, ఊరి దగ్గు వినలేదు. 2024లో పా. రంజిత్ ‘తంగలాన్’లో బంగారాన్ని కాపలా కాసే ఆరతి అనే ఆడశక్తిని గని తవ్వబోయే కూలీల ఎదుట నిలబెట్టాడు. సినిమాగా అక్కడక్కడా బరువెక్కినా, దయ్యాన్ని కూర్చోబెట్టిన చోటు సరైనది. పెద్ద పెట్టుబడితోనూ అది సాధ్యమేనని ఒప్పుకుంటున్నాను. మనకు అంత పెట్టుబడి లేదు. ముప్పై పేజీల కాగితం ఖర్చు ఉంది.

కాబట్టి ఈ సభకు నా ప్రతిపాదన ఇది. వచ్చే ఏటికి వ్యాస సంకలనం వేయకండి. సంకలనాలు బీరువాల్లో చాలానే ఉన్నాయి. ఒక దయ్యాల బొమ్మల పుస్తకం వేయండి. నలుపు తెలుపులో, ముప్పై రెండు పేజీలు. గీయడానికి పేరున్న చిత్రకారుల వెంట పడొద్దు. ఆండర్సన్‌పేటలో గోడల మీద పార్టీ రాతలు రాసే పిల్లలున్నారు, వాళ్లనడగండి. వణికే గీతైనా ఫరవాలేదు. వెనక్కి తీసుకునే షరతు మీద దుకాణాలకు ఇవ్వకండి. బంగారుపేట–మారికుప్పం బండిలో బెంగుళూరు పనులకు పోయేవాళ్లకు చేతికిచ్చి డబ్బు పుచ్చుకోండి. కథల్లో ఆడవాళ్లను కోసి చూపించే బొమ్మ ఒక్కటి కూడా వద్దు. గనిలో భర్తను పోగొట్టుకుని నష్టపరిహారం కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషి కథ ఆమె వైపు నుంచే రావాలి. తేరహళ్లి కొండ మీద కోటిగానహళ్లి రామయ్యగారు ‘ఆదిమ’ సాంస్కృతిక కేంద్రంలో నాటకాలతో చేసిన పనిని మనం కాగితం మీద చేయగలమో లేదో చూద్దాం.

తేలవలసింది ఒకటి మిగిలింది. ఆ బొమ్మల్లో మనుషులు ఏ భాషలో మాట్లాడాలి? మేస్త్రీ తెలుగులో కేకేస్తాడు, పక్కవాడు తమిళంలో తిడతాడు, షాపులో కన్నడం, దొర ఇంగ్లీషు. అందరి నోటా తెలుగే పెట్టి అచ్చేస్తే అది అబద్ధం. నాలుగూ నాలుగు లిపుల్లో పెడితే చదివేవాడు ఎక్కడో ఒకచోట తట్టుకుంటాడు. అన్నిటినీ తెలుగు లిపిలోనే రాస్తే మన తమిళ మిత్రులు ఒప్పుకుంటారో లేదో. మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగే మొదటి గోష్ఠిని దీనికే కేటాయించమని నిర్వాహకులను కోరుతున్నాను. తమిళ, కన్నడ సోదరులు దయచేసి వెళ్లిపోకండి, ఈ తగవు మీరు లేకుండా తెగదు. మొదటి పత్రసమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.