శాంతికి కొలత ఉన్నదా?

(ఆలయ ప్రాంగణంలో జరిగిన మాసోపన్యాస సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంప్రదాయంలో పఠనాంతమందు, కర్మాంతమందు "శాంతి" అనే మాటను మూడుమార్లు ఉచ్చరిస్తాము. దేహమనస్సులలో పుట్టే బాధ ఆధ్యాత్మికం. అది తొలగడానికి ఒకమారు. సాటి మనుష్యుల వలన, ఇతర ప్రాణుల వలన కలిగే బాధ ఆధిభౌతికం, దానికొక మారు. పిడుగు, వరద, భూకంపం వంటి వాటి వలన కలిగేది ఆధిదైవికం, దానికొక మారు. ఈ మూడింటిలో నడిమి శాంతిని గూర్చి నేడు మనవి చేయదలచాను.

ఇందుకు కారణం ఒక యువభక్తుడు వేసిన ప్రశ్న. "గురువుగారూ, 2025వ సంవత్సరపు ప్రపంచ శాంతి సూచీలో మన దేశానికి 115వ స్థానం ఇచ్చారు. శాంతిమంత్రాలు పుట్టిన దేశానికి ఇది అవమానం కాదా? అసలు శాంతిని కొలవడం ఎవరి తరం?" అని అతడు అడిగాడు. రెండు ప్రశ్నలూ విచారింపదగినవే. అయితే కొలిచిన తీరు తెలియకుండా ఆ కొలత అవమానమో కాదో చెప్పలేము. కావున ముందు కొలతను గూర్చి తెలుసుకుందాము.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరం కేంద్రంగా "ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎకనామిక్స్ అండ్ పీస్" అనే సంస్థ ఉన్నది. స్టీవ్ కిల్లెలియా అనే వ్యాపారవేత్త దానిని స్థాపించారు. 2007 నుండి ఈ సూచీ ఏటేటా వెలువడుతున్నది. తొలి సంవత్సరం 121 దేశాలను లెక్కించారు. ఇప్పుడు 163 దేశాలను లెక్కిస్తున్నారు. పరిశీలించే అంశాలు 23. అవి మూడు వర్గాలు. దేశం లోపలా వెలుపలా సాగుతున్న పోరులు ఒకటి. సమాజంలోని భద్రత రెండవది; లక్షమందికి ఎన్ని హత్యలు, ఎందరు కారాగారంలో ఉన్నారు, ఉగ్రవాదం ఎంత, ప్రజలకు నేరభయం ఎంత అన్నవి ఇందులో వస్తాయి. మూడవది సైనికీకరణ, సైన్యానికి చేసే వ్యయం, ఆయుధాల క్రయవిక్రయాలు, అణ్వాయుధాలు మొదలైనవి. ప్రతి అంశానికి 1 నుండి 5 వరకు అంకె వేస్తారు. అంకె ఎంత తక్కువైతే శాంతి అంత ఎక్కువ. 2008 నుండి ప్రథమ స్థానం ఐస్‌లాండ్‌దే. 2025 పట్టికలో చివరి స్థానం రష్యాది, దానికి ముందరిది ఉక్రెయిన్‌ది.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. పేరు శాంతి సూచీ. లెక్కించేది మాత్రం హత్యలను, యుద్ధాలను, ఆయుధాలను, నిరాశ్రయులను. "ఇది శాంతిని కొలవడం ఎలా అవుతుంది?" అని కొందరు ఆక్షేపిస్తారు. న్యాయశాస్త్రం చదివిన వారికి ఇందులో వింత లేదు. నేలపై కుండ లేదని తెలియాలంటే ముందు కుండ అంటే ఏమిటో తెలిసి ఉండాలి. ఏది లేదంటున్నామో దానిని ప్రతియోగి అంటారు. ప్రతియోగి జ్ఞానం లేనిదే అభావజ్ఞానం కలుగదని తార్కికుల సిద్ధాంతం. శాంతి అనే శబ్దాన్ని చూడండి. అది శమ ధాతువు నుండి పుట్టింది. ఉపశమించడం, అణగడం దాని అర్థం. ఏదో ఒకటి ఉపశమించాలి కదా! ఆ ఉపశమించవలసినది ఎంత ఉన్నదో ఎంచకుండా శాంతి కలిగిందని చెప్పలేము. జ్వరం తగ్గిందని వైద్యుడు చెప్పాలంటే జ్వరాన్నే కొలవాలి. ఆరోగ్యాన్ని కొలిచే సాధనం అతని సంచిలో ఉండదు.

మరణాలను లెక్కించడం మనకు పరాయి విద్య కాదు. భారతంలో శాంతిపర్వానికి ముందున్నది స్త్రీపర్వం. యుద్ధభూమిలో తల్లులు, భార్యలు శవాలను వెదకుకుంటూ విలపించే పర్వమది. అక్కడ ధృతరాష్ట్రుడు ధర్మరాజును ఒక ప్రశ్న అడుగుతాడు: ఈ యుద్ధంలో ఎందరు మరణించారు? ధర్మరాజు తప్పించుకోలేదు. 166 కోట్ల 20 వేల మంది అని చెప్పాడు. కానరానివారు మరి 24,165 మంది అన్నాడు. ఈ సంఖ్యను అక్షరార్థంగా తీసుకోవాలా అనే చర్చ మనకిప్పుడు వద్దు. గెలిచిన రాజు ఉభయపక్షాల వారినీ కలిపి లెక్క చెప్పాడన్నది ముఖ్యం. పిమ్మట విదురుని, సంజయుని, ధౌమ్యుని నియోగించి, నా అన్నవారు లేని శవాలకు కూడా సంస్కారం చేయించాడు.

అంతటితో కథ ముగియలేదు. తిలోదకాలు విడిచే వేళ కుంతీదేవి నోరు విప్పింది. కర్ణుడు తన జ్యేష్ఠపుత్రుడని చెప్పి, అతనికీ ఉదకం విడువమన్నది. తాను చెప్పిన అన్ని కోట్లలో ఒకడు తన తోడబుట్టిన అన్నగారని ధర్మరాజుకు అప్పుడు తెలిసింది. శాంతిపర్వం ఆ దుఃఖంతోనే మొదలవుతుంది. వ్యాసమహర్షి ఈ క్రమాన్ని ఊరకే పెట్టలేదని నా విశ్వాసం. ముందు లెక్క, పిదప ఆ లెక్కలో ఉన్నవారు మనవారేనన్న ఎరుక, ఆ తరువాతనే శాంతి.

చరిత్రలోనూ ఇట్టి ఉదాహరణ ఉన్నది. కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద అశోకుని శిలాశాసనాలు నేటికీ ఉన్నాయి. ఆయన పదమూడవ శాసనం కళింగ యుద్ధాన్ని గూర్చినది. లక్షమంది హతులయ్యారని, లక్షా యాభైవేల మందిని తరలించుకుపోయారని, అంతకు ఎన్నో రెట్లు మరణించారని ఆ చక్రవర్తి తన విజయానికయిన మూల్యాన్ని తానే రాతిపై చెక్కించాడు. రాజులు గెలిచిన కోటలను చెప్పుకోవడం వాడుక. పోయిన ప్రాణాలను చెప్పడం అరుదు.

ఆధునిక కాలంలో ఈ పనిని శాస్త్రంగా మలచినవారిలో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆంగ్లేయుడు ముఖ్యుడు. వాతావరణాన్ని గణితంతో ముందుగా చెప్పవచ్చునని చూపిన వారాయన. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనని, ఫ్రాన్స్‌లో క్షతగాత్రులను మోసే బండి నడిపారు. వాతావరణశాఖ వైమానిక మంత్రిత్వశాఖలో చేరినప్పుడు ఆ ఉద్యోగాన్నీ విడిచిపెట్టారు. పిదప దశాబ్దాల తరబడి ప్రపంచంలోని కలహాలను మృతుల సంఖ్యను బట్టి వర్గీకరిస్తూ కూర్చున్నారు. ఆ గ్రంథం ఆయన మరణానంతరం 1960లో వెలువడింది. గాయపడినవారిని మోసిన చేతులే ఆ లెక్కలు వ్రాశాయి. కావున లెక్కించడం కరుణలేని పని అనుకోరాదు.

అయితే ఏ కొలతకైనా హద్దులుంటాయి. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం వారు ప్రపంచంలోని పోరుల పట్టికను వ్రాస్తారు. ఒక సంవత్సరంలో పోరాటం వలన కనీసం 25 మంది మరణిస్తేనే దానిని సాయుధ సంఘర్షణగా లెక్కిస్తారు. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, వారిని తప్పుపట్టలేము. కాని 24 మంది పోయిన ఊరిలోని తల్లికి ఆ గీతతో పనిలేదు. అట్లే శాంతి సూచీలో కొన్ని అంశాలు ఎంచిన సంఖ్యలు. మరికొన్ని నిపుణులు తమ వివేకంతో వేసిన అంకెలు. పొరుగుదేశాలతో సంబంధం ఎట్లున్నదో తూకపురాళ్లతో తూచలేము కదా! మరొకటి కూడా చెప్పాలి. 2025లో అయిదవ స్థానంలో ఉన్న స్విట్జర్లాండ్ ఆయుధాలను ఎగుమతి చేసే దేశాలలో ఒకటి. ఆ ఎగుమతి కూడా 23 అంశాలలో ఉన్నది నిజమే. అయినా తన ముంగిట నెమ్మది, తాను అమ్మిన తుపాకి పొరుగింట మ్రోగడం, ఈ రెండూ ఒకే దేశంలో ఇమిడి ఉండవచ్చునని ఇందువల్ల తెలుస్తున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. 115వ స్థానం అవమానమా? నా అభిప్రాయంలో అది అవమానమూ కాదు, అపనిందా కాదు. మన సరిహద్దులలో ఉద్రిక్తత ఉన్నది, లోపల ఉగ్రవాదం, అల్లర్లు చూశాము, అణ్వాయుధాలున్నాయి. ఇవి ఉన్నవి ఉన్నట్లుగా లెక్కకెక్కాయి. ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపు. దానికి స్థిరమైన సైన్యమే లేదు. చుట్టూ సముద్రం ఉన్న ఆ ద్వీపాన్ని, నూటనలభై కోట్లకు మించిన జనంతో, ఇంత పొడవైన సరిహద్దులతో ఉన్న మన దేశాన్ని ఒకే పందెంలో పరుగెత్తించి సంతోషించడమో సిగ్గుపడటమో వివేకం కాదు. అట్లని "మా పరిస్థితులు వేరు" అని పట్టికను పక్కన పెట్టడమూ వివేకం కాదు. నాడి చూపించుకునేది పక్కవాని నాడితో పోటీకి కాదు. మన రోగం ఎక్కడున్నదో తెలియడానికి.

స్థానం కంటె అంశాలను చదవడం మేలు అనడానికి కోస్టారికా మంచి నిదర్శనం. మధ్య అమెరికాలోని ఆ చిన్న దేశం 1948లో సైన్యాన్నే రద్దు చేసింది. మరుసటి యేటి రాజ్యాంగంలో ఆ నియమాన్ని చేర్చింది. లోకమంతా మెచ్చుకున్న నిర్ణయమది. కాని 2023లో ఆ దేశ చరిత్రలోనే అత్యధిక సంఖ్యలో హత్యలు నమోదయ్యాయి. మాదకద్రవ్యాల ముఠాలు ఇందుకు ముఖ్యకారణం. కత్తిని రాజు దించినా వీథిలోనివాడు ఎత్తవచ్చును. శాంతి ఒకమారు సంపాదించి దాచుకునే ధనం కాదు. నిత్యాగ్నిహోత్రం వలె దినదినమూ నిలుపుకోవలసినది.

నార్వే దేశపు పండితుడు యోహాన్ గాల్టుంగ్ ఇందులో ఒక భేదం చెప్పారు. హింస లేకపోవడం ఒక విధమైన శాంతి. హింసకు తావులేని విధంగా న్యాయం, సహకారం నెలకొనడం మరొక విధమైన శాంతి. మొదటిది అభావరూపం, రెండవది భావరూపం. సిడ్నీ సంస్థవారు ఈ రెండవదానికి కూడా వేరొక సూచీ కట్టారు. చక్కని పరిపాలన, సంపద న్యాయంగా పంపిణీ కావడం, ఇతరుల హక్కులను మన్నించడం, పొరుగువారితో సఖ్యత, అవినీతి తక్కువగా ఉండటం మొదలైన ఎనిమిది స్తంభాలను అందులో చెప్పారు. వీటిని ఆచరించడానికి ప్రభుత్వాలే కానక్కరలేదు. గ్రామం చాలు, కుటుంబం చాలు.

కుటుంబం అన్నాను కనుక ఈ సూచీకి ఉన్న పెద్ద హద్దును చెబుతాను. ఇంటి గడప లోపల స్త్రీలపై, పిల్లలపై జరిగే హింసకు ఆ 23 అంశాలలో ప్రత్యేకస్థానం లేదు. విమర్శకులు ఈ లోపాన్ని ఎత్తిచూపారు. కారణం ఊహించదగినదే, ఇంటి గుట్టు లెక్కలవారికి చిక్కదు.

నలభై ఏళ్లకు పైగా సంస్కృతం బోధించిన నా వద్దకు, "ఇంట్లో అశాంతిగా ఉన్నది, ఏదైనా శాంతి చేయించండి" అంటూ గృహస్థులు జాతకాలు పట్టుకొని వస్తుంటారు. గ్రహాల మాట అటుంచి, నేను ముందుగా ఒకటి అడుగుతాను: "మీ ఇంట మిమ్మల్ని చూసి భయపడేవారు ఎవరైనా ఉన్నారా?" చాలామంది వెంటనే లేరంటారు. ఒక పెద్దమనిషి మాత్రం చాలాసేపు మౌనంగా కూర్చున్నాడు. చివరకు, "నేను అరుగు ఎక్కిన చప్పుడు వినగానే పిల్లలు మాటలు ఆపేస్తారండీ" అన్నాడు. ఆ ఇంట కొట్లాట లేదు, దొంగతనం లేదు. ఏ దేశపు పట్టికలోనూ ఆ ఇల్లు చేరదు. అయినా అక్కడ శాంతి లేదు. శాంతిహోమానికి ముహూర్తం తరువాత చూద్దాము, ముందు నెలరోజులు ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడండి అని చెప్పి పంపాను.

ఆ సూచీవారు శాంతికి ఇచ్చిన నిర్వచనంలో రెండు భాగాలున్నాయి: హింస లేకపోవడం, హింస జరుగుతుందన్న భయం లేకపోవడం. ఈ రెండవ భాగానికి మన భాషలో ఒక చక్కని మాట ఉన్నది. అభయం. గర్భాలయంలో మీరు దర్శించుకున్న స్వామి హస్తం చూపేది అదే. మీలో అన్నదానానికి, గోశాలకు, పాఠశాలకు ఉదారంగా ద్రవ్యమిచ్చిన దాతలున్నారు. అవన్నీ పుణ్యకార్యాలే. కాని దానాలలో అభయదానానికి పెద్దలు గొప్ప స్థానమిచ్చారు. దానికి రసీదు పుస్తకం అక్కరలేదు. ధనమున్నవాడూ లేనివాడూ సమానంగా చేయవచ్చును. ఇంటిలోని పిల్లవానికి, పనిచేసే మనిషికి, దాయాదికి, వేరొక కులం వానికి, వేరొక మతం వానికి "నా వలన నీకు భయం లేదు" అని నడవడితో చెప్పడమే ఆ దానం.

2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో 59 పోరులు సాగుతున్నాయి. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన నాటి నుండి ఇన్ని ఎన్నడూ లేవు. వాటిని ఆపే శక్తి ఈ సభలో కూర్చున్న మనకు లేకపోవచ్చును. కాని ఆ అంకెను పత్రికలో చదివినప్పుడు ధర్మరాజు లెక్కను తలచుకుందాము. ఆ లెక్కలో కర్ణుడు ఉన్నాడు. ఎవరి లెక్కలోనైనా ఎవరో ఒకరి అన్న ఉంటాడు. ఈ ఎరుకతో మూడుమార్లు శాంతి పలికితే, నడిమి మాట ఉత్త ఉచ్చారణగా మిగిలిపోదు.

స్వామి అనుగ్రహంతో మీ గృహాలు అభయనిలయాలు కావాలని ఆశీర్వదిస్తూ ముగిస్తున్నాను.

స్వస్తి.