ప్లాను కాగితం మీద మతస్వేచ్ఛ

ఏటా ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూడుతున్నామో ఆ పెద్దాయన సివిల్ లాయరు. ప్రహరీ గోడలు, దారి హక్కులు, పక్కింటి చూరు నీళ్ళు, ఇవీ ఆయన వాదించిన దావాలు. మతస్వేచ్ఛ మీద మాట్లాడమన్నప్పుడు, రాజ్యాంగం 25వ అధికరణంతో కాక ప్లాను కాగితంతో మొదలుపెట్టడమే ఆయనకు తగిన గౌరవం అనిపించింది. మనసులో మొక్కుకునే మనిషిని ఏ మునిసిపాలిటీ ఆపలేదు. పదిమందీ కూడి మొక్కుకోవడానికి గోడ లేపితే మాత్రం ఆపగలదు. ఆపేటప్పుడు మతం పేరు ఎత్తాల్సిన పని కూడా లేదు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో బెర్నార్డ్స్ అనే టౌన్‌షిప్ ఉంది. బాస్కింగ్ రిడ్జ్ అందులోని ఊరే. అక్కడి ముస్లిం కుటుంబాలు 2011లో లిబర్టీ కార్నర్ దగ్గర చర్చ్ స్ట్రీట్‌లో నాలుగెకరాల పైచిలుకు స్థలం కొనుక్కున్నాయి. అప్పటి నిబంధనల ప్రకారం ఆ ప్రాంతంలో ప్రార్థనాలయం కట్టుకోవచ్చు. మరుసటి ఏడాది దరఖాస్తు పెట్టారు. వాళ్ళ సంఘానికి అప్పటి అధ్యక్షుడు మహమ్మద్ అలీ చౌదరి. బయటివాడు కాదు, 2004లో అదే టౌన్‌షిప్‌కు మేయరుగా చేసినవాడు. ప్లానులో గుమ్మటం పెట్టలేదు. మినార్లను కూడా చుట్టుపక్కల ఇళ్ళ పొగగొట్టాల్లా కనిపించేటట్టు గీయించారు. కంటికి ఆనకుండా ఉంటే ఇరుగుపొరుగు ఒప్పుకుంటారని వాళ్ళ ఆశ. ఆ గీతలు చూస్తే నాకు బాధ కలుగుతుంది. తన గుడి గుడిలా కనబడకూడదని జాగ్రత్తపడే భక్తుణ్ణి ఊహించుకోండి.

ప్లానింగ్ బోర్డు ముందు హియరింగులు 39 సార్లు జరిగాయి. మూడేళ్ళు దాటింది. వాన నీటి పారుదల, కంచె, ఫైరింజను తిరిగే దారి, ఒకటి సర్దితే ఇంకొకటి ముందుకొచ్చింది. ఈలోగా అదే స్థలంలో పోస్టు పెట్టె మీదున్న సంఘం పేరు అక్షరాలను ఎవరో ఐసిస్ అని మార్చేసి పోయారు. బోర్డు మినిట్స్ నిండా పార్కింగు, డ్రైనేజీ. పెట్టె మీద ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. ఊళ్ళో అసలు గొడవ దేని గురించో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యంగా పార్కింగు లెక్క దగ్గర ఆగాలి. ఆ టౌన్‌షిప్ నిబంధన ప్రకారం చర్చికి ముగ్గురికి ఒక కారు చొప్పున చోటు చూపించాలి. మసీదుకు వచ్చేది 150 మంది, కాబట్టి 50 కార్లకు చోటు చాలు. అంతకుముందు వచ్చిన చర్చిలకూ, యూదుల సినగాగులకూ ఇదే లెక్క వేశారు. మసీదు వచ్చేసరికి ఆ లెక్క చర్చిలదే తప్ప దీనికి వర్తించదని, 107 కార్లకు చోటు కావాలని అన్నారు. కాగితం మీద ఇది చిన్న సవరణలా కనబడుతుంది. స్థలం పెరగదు కదా. కార్లకు చోటు రెట్టింపు చేస్తే నేలంతా తారు పరవాలి, తారు పరిస్తే వాన నీరు ఇంకదు, ఇంకకపోతే పారుదల ప్లాను తప్పుతుంది, పక్కింటికీ పార్కింగుకూ మధ్య వదలాల్సిన జాగా తగ్గిపోతుంది. ఒక్క అంకె మార్చేసరికి ప్లాను మొత్తం కూలింది. 2015 డిసెంబరులో దరఖాస్తును తిరస్కరించారు.

అమెరికాలో 2000 సంవత్సరంలో చేసిన ఒక చట్టం ఉంది. స్థలాల వినియోగం పేరిట ఏ మతాన్నీ తక్కువ చూడకూడదని, ప్రార్థనాలయాలకు మిగతా సభాస్థలాలకన్నా కఠినమైన షరతులు పెట్టకూడదని, ఊరి మొత్తంలో ఎక్కడా చోటే లేకుండా చెయ్యకూడదని అది చెబుతుంది. సంఘం కోర్టుకు వెళ్ళింది. 2016 చివరి రోజున ఫెడరల్ జడ్జి మైకేల్ షిప్ పార్కింగు విషయంలో సంఘానికి అనుకూలంగా తీర్పిచ్చారు. చర్చికి ఒక లెక్క, మసీదుకు ఒక లెక్క వేయడం వివక్షేనన్నారు. మరుసటి మే నెలలో రాజీ కుదిరింది. మసీదుకు అనుమతి, పైన 32 లక్షల 50 వేల డాలర్లు ఇవ్వడానికి టౌన్‌షిప్ ఒప్పుకుంది.

ఇరుగుపొరుగు వాళ్ళు అడగకూడదని నేననను. శుక్రవారం మధ్యాహ్నం వీధిలో కార్లు నిలిస్తే అంబులెన్సు ఎలా వెళుతుందని అడగడం న్యాయమే. ఆదివారం ఉదయం చర్చి ముందు కూడా అడిగారా, వైకుంఠ ఏకాదశినాడు గుడి ముందు కూడా అడిగారా అన్నదే నా ప్రశ్న.

గుడి మాట ఊరికే తేలేదు. పక్కనే బ్రిడ్జ్‌వాటర్‌లో వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. న్యూజెర్సీ తెలుగువాళ్ళలో ఆ గుడి తెలియని ఇల్లు అరుదు. అదే బ్రిడ్జ్‌వాటర్‌లో 2011లో అల్ ఫలా అనే సంఘం, ఒకప్పుడు రెడ్‌వుడ్ ఇన్ నడిచిన స్థలంలో మసీదు పెట్టుకుంటామంది. దరఖాస్తు వచ్చిన కొద్ది నెలలకే, కొన్ని పెద్ద రోడ్ల పక్కన తప్ప ప్రార్థనాలయాలు కట్టకూడదని టౌన్‌షిప్ కొత్త నిబంధన చేసింది. అదీ కోర్టుకెక్కింది. 2014లో, వేరేచోట ఇచ్చే 15 ఎకరాల స్థలం ఖరీదుతో కలిపి మొత్తం 77 లక్షల 50 వేల డాలర్లకు రాజీపడ్డారు. ఇలాంటి హియరింగులో మైకు ముందు నిలబడి మాట్లాడే హక్కు ఊళ్ళోని ఎవరికైనా ఉంటుంది. పరాయి దేశంలో గుడి కట్టుకున్నవాడు పొరుగువాడి మసీదుకోసం ఆ మైకు దగ్గరకు వెళ్ళి తీరాలని నా అభిప్రాయం. ఇది మొహమాటపడే విషయం కాదు.

స్విట్జర్లాండ్‌లో ఇంత చాటుమాటు లేదు. 2009 నవంబరులో ఓటింగు పెట్టి, 57.5 శాతం ఓట్లతో కొత్త మినార్లను రాజ్యాంగంలోనే నిషేధించారు. అప్పటికి దేశం మొత్తంలో ఉన్నవి నాలుగే.

మన దగ్గరికొస్తాను. మద్రాసులో మెజెస్టిక్ కాలనీ వాళ్ళు ఒక పెంతెకోస్తు చర్చి మైకుల మీద కేసు వేశారు. అది 2000లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదని కోర్టు అంది. నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ కేసులోనే, ఆ శబ్దం మాధవరం హైరోడ్డు మీద తిరిగే బళ్ళదని పర్యావరణ ఇంజనీరు నివేదిక ఇచ్చిన సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత అదే సుప్రీంకోర్టు రోడ్లు, పార్కుల వంటి బహిరంగ స్థలాల్లో కొత్త ప్రార్థనాలయాలు ఏ మతానివైనా కట్టనివ్వొద్దని రాష్ట్రాలను ఆదేశించింది. మన కూడళ్ళలో తిరిగి చూడండి, ఆ ఆదేశం ఎంతవరకు అమలైందో తెలుస్తుంది. రోడ్డు ఆక్రమించి కట్టినదాని జోలికి వెళ్ళడానికి అధికారి జంకుతాడు. సొంత పట్టా స్థలంలో, ప్లానుతో, ఫీజు కట్టి అడిగిన చిన్న సంఘాన్ని మాత్రం ‘చుట్టుపక్కలవాళ్ళు అభ్యంతరం చెప్పారు’ అన్న ఒక్క మాటతో తిప్పుతాడు. ఆ అభ్యంతరం ఏమిటో ఫైలులో రాయడు.

రాయించాలి. ఏ నిబంధన కింద కాదంటున్నారో, అదే వార్డులో అంతకుముందు ఏ మందిరానికి, ఏ మసీదుకు, ఏ చర్చికి ఆ నిబంధనను ఎలా వర్తింపజేశారో తిరస్కరణ కాగితం మీదే ఉండాలి. దానికి గడువు ఉండాలి. బాస్కింగ్ రిడ్జ్ వాళ్ళు గెలిచింది పాత దరఖాస్తులన్నిటిలో ముగ్గురికి ఒక కారనే రాసి ఉండబట్టి. మన మునిసిపల్ ఆఫీసులో అలాంటి పాత కాగితం ఇవాళ వెతికితే దొరకదు.