పాత బేస్ గిటారు – కాలనిర్ణయము



వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన వృద్ధునకు విద్యుత్ గిటారుతో పనియేమని మీకు తోపవచ్చును. నాకును అట్లే తోచినది. కాని నిరుడు నా పూర్వశిష్యుడొకడు బేస్ గిటారునొకదానిని తెచ్చి మా అరుగుమీద పెట్టి, "మాస్టారూ, తాటాకు ప్రతులకు కాలం కట్టేవారు కదా, దీనికీ కట్టండి" అనెను.

అది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున లియో ఫెండరు సంస్థ 1951లో వెలువరించిన ప్రెసిషన్ బేస్ జాతికి చెందినది. ఈ గిటారు 1962 నాటిదనియు, కర్మాగారము విడిచిన పిదప దీనిని ఎవరును విప్పలేదనియు అమ్మువాడు చెప్పెనట. 1965 జనవరిలో ఆ సంస్థ సి.బి.ఎస్. వారి వశమైనది, అంతకు పూర్వపు వాద్యములకే గిరాకి మెండు. శిష్యుడు భార్య గాజులు కుదువపెట్టి బయానా యిచ్చి, మిగిలిన సొమ్మునకు మూడు దినముల గడువు తెచ్చుకొనియుండెను.

వెనుకవైపు లోహపు పలకపైనున్న సంఖ్యను నాకు చూపెను. నేను దానిని లెక్కగొనలేదు. నాలుగు మరలు విప్పినచో ఆ పలక మరియొక గిటారునకు పోవును. పైగా ఆ సంఖ్యలను వారు వరుసగా వాడినవారును కారు. మరలు తీసి, వీణకు దండివంటి మెడను వేరుచేసితిమి. దాని మొదటికొనను 1962 తేదీ ముద్ర కలదు. ఆ యేటి ఆరంభము వరకు పెన్సిలుతో వ్రాసెడివారు. పిదప రబ్బరుముద్ర వచ్చినది. శిష్యుని ముఖము వికసించెను. అది మెడకు మాత్రమే సాక్ష్యమని నేనంటిని. ప్రాతప్రతికి నకలు తీయు లేఖకుడు దాని చివరనున్న తేదీని గూడ ఎత్తివ్రాయుట మన గ్రంథములలో కద్దు. తేదీ నిజమే, ఆకు ఆ నాటిది కాదు.

పిమ్మట నాదమును హెచ్చించి తగ్గించు కంట్రోలును చూచితిమి. దాని లోహపు డబ్బాపై భూతద్దమునకు అందిన అంకెలు 3046618. అందు 304 స్టాక్‌పోల్ కంపెనీ గుర్తు, 66 సంవత్సరము, 18 వారము. 1950 ప్రాంతమున సంవత్సరమునకు ఒక్క అంకెయే వేసెడివారు; 6 అన్నచో 1946 కావచ్చును, 1956 కావచ్చును. శుభకృత్తు అన్నంతమాత్రమున 1902 అనియో 1962 అనియో తేలనట్లే! ఇచ్చట ఆ చిక్కు లేదు. 1966 నాటి భాగము 1962లో అమరియుండదు. అమర్చినది 1966లోనే అనియు చెప్పరాదు. ఏలన ఫెండరువారే ఆ యేట వీనిని రాశులుగా కొని 1969 వరకును వాడిరి.

చెడిన భాగమును మార్చుట మోసము కాదు. శిథిలమైన ఆకునకు బదులు క్రొత్త ఆకు వ్రాసి చేర్చిన పుణ్యాత్ములు లేకున్న మన గ్రంథములు ఎన్ని మిగిలియుండెడివి? కాని "ఎవరును విప్పలేదు" అన్న మాట నిలువలేదు. ధర కట్టినది ఆ మాటకే.

శిష్యుడు తీగను మీటి, "నాదం బాగానే ఉంది కదా మాస్టారూ" అనెను. బాగున్నదనియే అంటిని. వాని చూపును తట్టుకొనుట నాకు కష్టమైనది.

అమ్మువాడు ధర తగ్గింపననెను. బయానాలో సగమే తిరిగివచ్చినది. గాజులు విడిపించుటకు తక్కువపడిన పైకము నేను సర్దితిని. శిష్యుడు దానిని నెలకు కొంతగా తీర్చుచు, ఇప్పుడు క్రొత్త గిటారుమీదనే కచేరీలు చేయుచున్నాడు.